మొలకల మూట గురించి నా మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లోనే గింజలు మొలకెత్తించుకోవాలని ఉందని, ఇంతవరకు ఎన్నడూ చేయలేదని నీవు ఫోనులో అన్నావు. శనగలను, ఉలవలను ప్రస్తుతానికి పక్కన పెట్టి పెసలతో మొదలుపెట్టు. అవి త్వరగా మొలకెత్తుతాయి కనుక పొరపాటు జరిగినా మరునాటికే తెలిసిపోతుంది. పొట్టుతో ఉన్న నిండు గింజలనే కొనాలి. శ్రీరామనవమికి వడపప్పుగా నానబెట్టే పెసరపప్పు ఎంతసేపు నానినా మొలకెత్తదు. విత్తనాల దుకాణంలో నాటడానికి అమ్మే గింజలకు మందు పట్టించి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోవద్దు.

అరగ్లాసు పెసలు ఇద్దరికి సరిపోతాయి. పుచ్చులను, విరిగిన గింజలను ఏరివేసి, రెండు మూడు నీళ్ళు కడిగి, రాత్రి పడుకునే ముందు మూడింతల నీళ్ళు పోసి నానబెట్టు. ఎనిమిది గంటలు చాలు. పొద్దున పైకి తేలిన వాటిని తీసిపారేసి, నీళ్ళు పూర్తిగా వంపేయాలి.

ఈ వంపడంలోనే కొత్తవాళ్ళు తప్పు చేస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, నీళ్ళుంటేనే కదా మొలక వచ్చేదని తలచి, గింజలను నీళ్ళతో సహా స్టీలు డబ్బాలో మూతపెట్టి రెండు రోజులు ఉంచాను. మూత తీసిన క్షణాన వచ్చిన వాసనకు మీ మామయ్య కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. గింజ కూడా గాలి పీల్చుకుంటుంది. నీళ్ళలో మునిగి ఉంటే దానికి గాలి అందదు, అప్పుడు మొలక రావడానికి బదులు గింజ కుళ్ళిపోతుంది. అందువల్ల చిల్లుల గిన్నెలో పావుగంట వడకట్టి, తడిపి గట్టిగా పిండిన పలుచని నూలు గుడ్డలో వదులుగా మూటకట్టి, ఎండ తగలని చోట వేలాడదీయి.

పూటకొకసారి మూట విప్పి గింజలను మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ బాగా వడకట్టి కట్టాలి. మొలకెత్తే గింజలు వేడి పుట్టిస్తాయి. మూట నడుమ వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా తగులుతుంది. ఆ వేడి తగ్గడానికి కూడా ఈ కడగడం అవసరం. వేసవిలో అయితే కట్టిన మరునాటికే అరంగుళం తోక కనిపిస్తుంది, చలికాలంలో ఇంకొక రోజు పడుతుంది. గంటకోసారి విప్పి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. చూస్తే చూడు కానీ వేళ్ళతో కెలకవద్దు, లేత మొలకలు విరిగిపోతాయి.

జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా కడిగి వాడుకుందామని చూడకుండా పారేయి. మొలకలకు కావలసిన తడి, వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ కావాలి. పైకి బాగున్నవైనా సరే, గర్భిణులకు, చిన్నపిల్లలకు, మీ నాన్నమ్మ వయసు వారికి పచ్చివి పెట్టకుండా బాగా ఉడికించి పెట్టు. నాకైతే ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపులో మగ్గించి, దించాక పచ్చికొబ్బరి కోరు చల్లి, నిమ్మకాయ పిండితేనే రుచి. మిగిలినవి తడి ఆరాక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటాయి.

రాజ్మా గింజలను మాత్రం ఈ వరుసలో చేర్చకు. మొలకెత్తినా సరే పచ్చివి తింటే వాంతులవుతాయి, వాటిని బాగా మరిగించి ఉడికించవలసిందే. ఉలవలకు ఓపిక ఎక్కువ కావాలి. పెసలు రెండు మూడు సార్లు కుదిరాక అడుగు, అప్పుడు వ్రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య