సందేహాలు – సమాధానాలు: కీలుబొమ్మ అంటే తిట్టా?

సందేహం: "ఇంట్లో టెడ్డీబేర్లు కుట్టి అమ్ముతుంటాను. బజార్లో దొరికే మెత్తటి రకం కావు. మెడ, భుజాలు, తుంట్లు ఎటు తిప్పితే అటు తిరిగి అక్కడే నిలిచేటట్టు లోపల బిళ్ళలూ పిన్నులూ పెట్టి బిగిస్తాను. పెట్టె మీద 'చేతితో చేసిన కీలుబొమ్మ' అని తెలుగులో అచ్చు వేయించాను. మా ఆడపడుచు చూసి 'అయ్యో వదినా, కీలుబొమ్మ అంటే తిట్టు కదా, ఎవరు కొంటారు?' అంది. మా అబ్బాయి 'సంధియుత బొమ్మ' అనమంటాడు. 'అతుకుల బొమ్మ' అంటే పాతగుడ్డల బొమ్మ అనుకుంటారేమోనని నా భయం. ఏది సరైన మాట? ఇంకొకటి: ఎలుగుబంటి అనాలా, ఎలుగుబంటు అనాలా?"
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయి మాట తేల్చేద్దాం, అది తేలిక. సంధి అంటే ఒంట్లోని కీలు అనే అర్థం ఉన్నమాట నిజమే. సంధివాతం అని వైద్యులు అంటూనే ఉన్నారు. కానీ బడికి వెళ్ళిన తెలుగువాడికి సంధి అనగానే చిన్నయసూరి గుర్తొస్తాడు. "పూర్వ పరస్వరంబులకుఁ బరస్వరం బేకాదేశం బగుట సంధి" అన్నాడాయన. రెండు కలిస్తే ఒకటే మిగలాలి. మీ ఎలుగు చెయ్యీ భుజమూ ఆ లెక్కన సంధి చేసుకుంటే ఏదో ఒకటి లోపించడం ఖాయం. దానికి 'యుత' అని ఇంకో తోక! ఇంట్లో మాట ఉండగా సంస్కృతం దుకాణానికి పరుగెత్తి, అక్కడ సరిపడనిది కొనుక్కొచ్చే అలవాటు ఈ మధ్య పిల్లలకు బాగా ముదిరింది. మీవాణ్ణి ఒక్కణ్ణే అని లాభం లేదు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళే నేర్పుతున్నారు.

అతుకు సంగతి వేరు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవారు చేతుల్ని విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో మొండేనికి అంటిస్తారు. ఆరాక అది కదలదు, కదలకూడదు. కదిలితే రిపేరుకు వచ్చినట్టు. అది అతుకు. మీ పనికి ఆ మాట పనికిరాదు. పాతగుడ్డల భయం కన్నా ఇది పెద్ద కారణం.

ఇక కీలు. ఈ మాట గురించి ఎవరైనా అడుగుతారా అని చాలాకాలంగా చూస్తున్నాను కనుక, కాస్త ఓపిక పట్టండి.

దీనికి మూలం సంస్కృతంలోని కీల. మేకు, గూటం, సీల అని అర్థం. పంచతంత్రంలో మిత్రభేదం మొదట్లోనే వస్తుంది కోతి కథ. వడ్రంగులు దూలాన్ని సగం కోసి, చీలిక మూసుకుపోకుండా మధ్యలో మేకు దిగేసి అన్నాలకు వెళ్ళారు. కోతి వచ్చి దూలం మీద కూర్చుని, ఊరుకోలేక ఆ మేకును పీకింది, నలిగి చచ్చింది. తనది కాని పనిలో తలదూర్చేవాడు "కీలోత్పాటీవ వానరః", కీలు పీకిన కోతిలాగా పోతాడని శ్లోకం. భాష విషయంలో నాకు ఈ కోతి తరచుగా గుర్తొస్తుంటుంది. పేర్లు అడక్కండి.

మేకు పేరు మన తెలుగులో మేకు కూర్చిన చోటికి వచ్చింది. తలుపు కీలు, మోకాలి కీలు, కీళ్ళనొప్పులు అన్నీ అలా వచ్చినవే. ఆ చోటు తెలిసినవాడికి వస్తువు మొత్తం తెలిసినట్టే కాబట్టి కీలు అంటే కిటుకు కూడా అయింది. "కీలెరిగి వాత పెట్టాలి" అన్నారు. విష్ణుసహస్రనామం పారాయణ చేసేవారు "శంఖభృన్నందకీ చక్రీతి కీలకమ్" అని రోజూ చదువుతారు. స్తోత్రాన్ని బిగించే మేకు అది. అరవై ఏళ్ళ వరుసలో 42వది కీలక నామ సంవత్సరం, 2028 ఉగాదికి వస్తుంది. మన పత్రికలకు, టీవీలకు మాత్రం ఏడాదంతా కీలకమే. కీలక భేటీ, కీలక నిర్ణయం, కీలక వ్యాఖ్యలు, కీలక మలుపు. ఒక్క పేజీలో ఇన్ని మేకులు దిగ్గొడితే దేని మీద బరువు నిలబడిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ముఖ్యం అనే మాట ఏం పాపం చేసింది?

ఎద్దులబండి తోలినవారికి కడచీల తెలుసు. ఇరుసు చివర దూర్చే చిన్న ఇనపమేకు అది. జారిందంటే చక్రం బండిని వదిలేసి తన దారిన తాను పోతుంది. కన్నడంలో దాన్ని కడెగీలు అంటారు. కన్నడ కివి మనకు చెవి అయింది, కన్నడ కెఱె మనకు చెరువు అయింది, అలాగే కీల మన నోట్లో చీల అయిందనుకోవడానికి వీలుంది. పందెం మాత్రం కాయను, దేశి మాటల లెక్క సంస్కృతం నుంచి వచ్చిన మాటకు అన్నిసార్లూ కుదరదు. జేడర దాసిమయ్య అనే కన్నడ శివభక్తుడి వచనం ఒకటి ఈ కడెగీలు మీదే ఉంది. కడెగీలు లేని బండి పడిపోకుండా ఉంటుందా, బండికి ఆధారం కడెగీలే అని మొదలుపెట్టి, పొగరెక్కిన ఈ ఒడలనే బండికి శరణుల, అంటే శివభక్తుల, మాటలే కడెగీలు అని ముగిస్తాడు. జేడర అంటే నేతగాడు. మగ్గం ముందు కూర్చునేవాడికి తన పనిముట్టు కాకుండా బండివాడి మేకు గుర్తుకు రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఆ మేకు చేసే పని చూడండి. చక్రాన్ని తిరగనిస్తుంది, ఊడిపోనివ్వదు. ఈ రెండు పనులూ కలిసి చేసేదే కీలు. తిరగనివ్వకపోతే అతుకు, పట్టి ఉంచకపోతే వట్టి వేలాడే ముక్క.

మీరు చేసేదీ ఇదే. ఉత్తరంతో మీరు పంపిన ఫొటోల్లో ఒకదాన్ని భూతద్దం పెట్టి మరీ చూశాను. చెయ్యి లోపల ఒక హార్డ్‌బోర్డు బిళ్ళ, మొండెం లోపల ఇంకో బిళ్ళ, మధ్య రెండు పొరల గుడ్డ, వాటన్నిటి గుండా దూరిన కాటర్ పిన్ను. ఆ పిన్ను రెండు కొసల్నీ విడదీసి, ముక్కు సన్నగా ఉండే ప్లయర్‌తో చెరోవైపుకు, మీసం మెలేసినట్టు, కింద వాషర్‌ను నొక్కేదాకా చుట్టారు. ఆ చుట్ట వదులైతే దూది కూరిన తర్వాత చెయ్యి వేలాడిపోతుంది. వాడగా వాడగా గుడ్డ అణిగి ఎలాగూ వదులవుతుంది కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువే బిగిస్తానని రాశారు. ఎలుగు చెయ్యి పైకెత్తి వదిలేస్తే అలాగే ఉండేది ఆ రాపిడి వల్ల. అక్కడ ఎవరూ పట్టుకుని లేరు.

టెడ్డీ పుట్టుక కూడా దీనికి సాక్ష్యమే. పేరు అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ముద్దుపేరు. 1902 నవంబరులో మిసిసిపీలో వేటకు వెళ్ళి, కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడాయన. దాని మీద క్లిఫర్డ్ బెరిమన్ వేసిన కార్టూన్ వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. అదే ఏడు జర్మనీలోని గీంగెన్‌లో స్టైఫ్ కంపెనీ కోసం రిచర్డ్ స్టైఫ్ ఒక ఎలుగును తయారుచేశాడు. దాని పేరు '55 పీబీ'. ఎత్తు 55 సెంటీమీటర్లు, పీ అంటే ప్లష్ గుడ్డ, బీ అంటే జర్మన్‌లో 'కదిలేది'. ఆ తొలి ఎలుగు చేతులూ కాళ్ళూ దారంతో కట్టినవి. దారం బిగువు నిలవదు. కొన్నాళ్ళకు లోహపు కడ్డీ పెట్టి చూశారు, 1905 నాటికి బిళ్ళల దగ్గరికి వచ్చారు. దారం వదిలి కీలు పట్టారన్నమాట.

ఈ తేడా మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్ర, పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ, ఎన్ని రకాల ఆటగాళ్ళు వచ్చారో వరసపెట్టి చెబుతాడు. అందులో బొమ్మలాడించేవాళ్ళు రెండు రకాలు. "భారతాది కథలఁ జీరమఱుగుల నారంగ బొమ్మల నాడించువారు" ఒకరు. తెరచీర వెనక తోలుబొమ్మలు వీరివి. "కడు నద్భుతంబుగఁ గంబసూత్రంబు లడరంగ బొమ్మల నాడించువారు" ఇంకొకరు. కంబమూ సూత్రమూ, అంటే కర్రా దారమూ పట్టి ఆడించే బొమ్మలు వీరివి. చూశారా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మనిషి ద్విపద నడకలోనే రెండాటల్నీ కలగలపకుండా చెప్పాడు! మన సంపాదకులకు అంత చోటున్నా తోలుబొమ్మ, దారపుబొమ్మ, కీలుబొమ్మ అన్నీ ఒకటే. సోమనను చదవమని నేను చెప్పినప్పుడల్లా మతగ్రంథం కదా అంటారు. కానివ్వండి, ఆ ఒక్క ప్రకరణం చదివితే తిండి, గుడ్డ, ఆట, పాట పేర్లు ఎన్ని దొరుకుతాయో! ఆయన కంటికి ఆనని వస్తువు లేదు.

మరి ఆడించినట్టు ఆడేవాణ్ణి బొమ్మ అనడం ఎక్కడిది? అదీ పాతదే. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, దారుమయి, అంటే కర్రతో చేసిన బొమ్మ, ఆడించేవాడి చేతిలో అవయవాలు కదిలించినట్టే ఈ ప్రజలూ అంటుంది. "ఈరయత్యంగమంగాని" అని ఆ శ్లోకంలో మాట. భాగవతంలోనూ జరాసంధుడు శిశుపాలుణ్ణి ఓదారుస్తూ ఇదే పోలిక తెస్తాడు. కానీ గమనించండి, ద్రౌపది నిందించింది బొమ్మను కాదు, ఆడించే ధాతను. మనం ఆడించేవాణ్ణి వదిలేసి 'కీలుబొమ్మ ప్రభుత్వం' అని బొమ్మను తిడుతున్నాం. అదీ దారం పనిని కీలుకు అంటగట్టి!

ఇక్కడ మీ ఆడపడుచు తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం. నిమ్మలకుంట తోలుబొమ్మలకూ భుజం దగ్గర, మోచేతి దగ్గర దారపుముడితో కీళ్ళు ఉంటాయి. ముక్కలు ముక్కలుగా కోసి ముడేస్తారు. కాబట్టి ఆడించే బొమ్మకు కీళ్ళే లేవని అనలేం. పైగా కథల్లో కీలుగుర్రం ఉంది, కీలు తిప్పితే ఎగురుతుంది. అక్కడ కీలు అంటే యంత్రపు మీట. మీట తిప్పేవాడు ఇంకొకడు కాబట్టి కీలుబొమ్మ పరాధీనుడికి పేరై ఉంటుందని నా ఊహ. ఎలా వచ్చినా ఆ అర్థం జనం నోట పాతుకుంది. రేపటినుంచి వాడొద్దంటే వినేదెవరు?

అందుచేత మీరు అచ్చు వేయించింది తప్పు కాదు, మీ ఆడపడుచు సందేహమూ తప్పు కాదు. ఉన్న పెట్టెలు అయిపోయేదాకా వాడుకోండి, డబ్బు పోసి వేయించారు. మళ్ళీ వేయించేటప్పుడు 'కీళ్ళ ఎలుగు' అనండి. బహువచనంలో పెడితే తిట్టు వాసన పోతుంది, మెడతో కలిపి అయిదు కీళ్ళు ఉన్నాయన్న సంగతీ తెలుస్తుంది. కీళ్ళనొప్పులు గుర్తొస్తాయని ఎవరైనా అంటే మాత్రం నా దగ్గర మందు లేదు. 'కీళ్ళు తిరిగే ఎలుగుబొమ్మ' అన్నా బాగానే ఉంటుంది, కాస్త పొడుగు. టెడ్డీబేర్ అనే రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు, అది తెలుగైపోయింది. 'టెడ్డీబేర్ ఎలుగుబొమ్మ' అని మాత్రం రాయకండి, 'గేటు తలుపు' బాపతు అది.

ఎలుగుబంటి, ఎలుగుబంటు రెండూ వాడుకలో ఉన్నాయి, మీకు ఏది అలవాటైతే అది. ఒట్టి ఎలుగు అన్నా చాలు. పాత తెలుగులో ఎలుగు అంటే గొంతు కూడా, ఎలుగెత్తి పిలవడం అందులోంచి వచ్చిందే. వంచితే గుర్రుమనే గొట్టం ఒకటి టెడ్డీల పొట్టలో పెట్టే ఆనవాయితీ ఉంది. మీరూ పెడితే ఎలుగుకు ఎలుగు వస్తుంది.