సీ ప్రోగ్రామ్‌లో థ్రెడ్‌కి స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) సైజు మనమే ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కాకపోతే థ్రెడ్ పుట్టకముందే ఇవ్వాలి: పీథ్రెడ్_ఆట్ర్_ఇనిట్‌తో ఒక ఆట్రిబ్యూట్ సిద్ధం చేసి, పీథ్రెడ్_ఆట్ర్_సెట్‌స్టాక్‌సైజ్‌కి బైట్లలో సైజు చెప్పి, దాన్నే పీథ్రెడ్_క్రియేట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా పంపాలి. నడుస్తున్న థ్రెడ్‌కి తర్వాత మార్చడం కుదరదు.

ఎందుకంటే మెయిన్ థ్రెడ్ స్టాక్ అవసరాన్ని బట్టి లిమిట్ దాకా పెరుగుతుంది గానీ, మిగతా థ్రెడ్‌లకి మాత్రం పుట్టేటప్పుడే ఒక ముక్క కేటాయిస్తారు, ఇక అంతే. మనం ఏమీ చెప్పకపోతే లినక్స్‌లో జీలిబ్‌సీ (అక్కడి సీ లైబ్రరీ) సాధారణంగా 8 ఎంబీ ఇస్తుంది, మ్యాక్‌లో అయితే 512 కేబీనే.

ఉదాహరణకి, ఫంక్షన్‌లో 10 లక్షల ఇంట్‌ల లోకల్ అర్రే పెట్టారనుకోండి, అది దాదాపు 4 ఎంబీ. లినక్స్‌లో హాయిగా నడిచిన ఆ కోడ్, మ్యాక్‌లో మెయిన్ కాని థ్రెడ్‌లో వాడగానే క్రాష్ అవుతుంది. అప్పుడు 16 * 1024 * 1024 అని ఇస్తే సరిపోతుంది (అసలు అంత పెద్ద అర్రేని మాలాక్‌తో, అంటే స్టాక్ బయటి మెమరీలో, తీసుకోవడమే మేలు, అది వేరే సంగతి). రిటర్న్ వాల్యూ మాత్రం తప్పకుండా చూడండి: పీథ్రెడ్_స్టాక్_మిన్ (సిస్టమ్ ఒప్పుకునే కనీస సైజు) కంటే తక్కువ ఇస్తే ఈఇన్‌వాల్ అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే పాత డిఫాల్ట్ సైజుతోనే థ్రెడ్ మొదలవుతుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, 100 థ్రెడ్‌లకి 8 ఎంబీ చొప్పున ఇస్తే 800 ఎంబీ ర్యామ్ పోయినట్టే అనుకుంటారు. పోదు. మామూలుగా రిజర్వ్ అయ్యేది వర్చువల్ అడ్రస్ స్పేస్ (ప్రోగ్రామ్ వాడుకోగల అడ్రస్‌ల పరిధి) మాత్రమే, థ్రెడ్ నిజంగా తాకిన పేజీలకే (మెమరీలోని చిన్న ముక్కలకే) ర్యామ్ ఖర్చవుతుంది. 32 బిట్ సిస్టమ్‌లో మాత్రం ఆ అడ్రస్ స్పేసే ముందు అయిపోతుంది.