మాతే రెండో రౌండ్ మీకు రాకపోవడానికి కారణం

ఉరుగ్వే రాజధాని మోంటెవిడియోలో మాతే (ఒకే కప్పులో అందరూ వంతులవారీగా తాగే వేడి ఆకు పానీయం) రెండో రౌండ్ మీకు రాలేదని, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌ని పొగిడినందుకేనా అని అడిగారు కదా. అందుకు కాదండీ. మోంటెవిడియో వాళ్ళకి ఆ ఎత్తిపొడుపులు ఎప్పుడో అలవాటే. కప్పు తిరిగి ఇస్తూ "గ్రాసియాస్" (స్పానిష్‌లో థాంక్స్) అన్నానని రాశారు చూడండి, చిక్కంతా అక్కడే. మాతే తాగేటప్పుడు ఆ మాట అంటే "నాకిక చాలు" అన్నట్టు. అందుకే రెండో రౌండ్‌లో మిమ్మల్ని దాటేసి పక్కవాళ్ళకి ఇచ్చారు. బ్యూనస్ ఐరిస్‌లోనైనా ఇదే జరిగేది.

ఈసారి ఇలా చేయండి:

1. కప్పు అందుకుని, తాగి, మర్యాదగా తల ఊపి ఇచ్చేయండి. నోటి దాకా వచ్చినా ఆ మాట ఆపుకోండి. అందరూ తప్పేది ఇక్కడే.
2. లోహపు స్ట్రాని తిప్పొద్దు. ఉరుగ్వేలో ఆకు మెత్తటి పొడిలా ఉంటుంది, అర్జెంటీనాలోలా పుల్లలు పెద్దగా కలవవు. కదిపితే స్ట్రాకి అడ్డుపడుతుంది.
3. అడుగున గరగరమనేదాకా తాగండి. కప్పు పక్కవాళ్ళకి కాదు, నీళ్ళు పోసిన మనిషికే ఇవ్వాలి.
4. నిజంగా చాలనుకున్నప్పుడు గ్రాసియాస్.

వేళాకోళం మానక్కర్లేదు గానీ టాంగో నృత్యం అర్జెంటీనాదే అనే జోలికి చూసుకుని వెళ్ళండి. 2009లో యునెస్కో జాబితాలో అది రెండు దేశాల పేరు మీదా చేరింది. పైగా పేరుమోసిన టాంగో బాణీ 'లా కుంపర్సీతా' స్వరపరిచింది మోంటెవిడియో కుర్రాడే. మాతే ఎవరు ఎక్కువ తాగుతారన్న పందెం మాత్రం అసలు వేయొద్దు. తలసరి లెక్కలో ఉరుగ్వేదే పైచేయి. చంకలో ఫ్లాస్కుతో వీధుల్లో తిరిగేవాళ్ళతో ఆ పందెం గెలవలేరు.