వరద ఒండ్రు పడిన లంక పొలంలో యూరియా మానేయవచ్చా?

వరద తీసిన తరువాత మీ లంక పొలంలో సుమారు సెంటీమీటరు మందాన ఒండ్రు నిలిచిందని, పరీక్ష చేయిస్తే అందులో సేంద్రియ కర్బనం 0.8 శాతం, నత్రజని 0.08 శాతం వచ్చాయని రాశారు. రబీలో వేయబోయే మొక్కజొన్నకు యూరియా మానేయవచ్చా అని అడిగారు. మానవద్దు. ఆ ఒండ్రు మీ నేలకు ఎంతో మేలు చేస్తుంది. అయితే అందులోని నత్రజని ఈ పంటకు అందేది చాలా తక్కువ.

లెక్క వేసి చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద సెంటీమీటరు మట్టి అంటే 40 ఘనపు మీటర్లు. ఆరాక 50 టన్నులకు దగ్గరగా తూగుతుంది. అందులో 0.08 శాతం అంటే 40 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు కాబట్టి, రెండు బస్తాలు ఊరికే వచ్చి పడినట్టు కనిపిస్తుంది. కానీ యూరియాలోని నత్రజని కొద్ది రోజుల్లో వేరుకు అందే రూపంలోకి మారుతుంది. ఒండ్రులోనిది అలా కాదు. చాలావరకు అది కుళ్లిన ఆకులు, వేర్లు, సూక్ష్మజీవుల అవశేషాలలో చిక్కుకుని, సన్నని బంకమట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. నేలలోని సేంద్రియ నత్రజనిలో సాధారణంగా ఏడాదికి ఒకటి నుంచి మూడు శాతం మాత్రమే విడుదలవుతుంది. మీ 40 కిలోల్లో అది ఒక కిలోకు అటూ ఇటూ.

పైగా పొలం రోజుల తరబడి మునిగినప్పుడు నేలలో అప్పటికే ఉన్న నైట్రేటులో కొంత నీటితో కిందికి దిగిపోతుంది, మరికొంత గాలి ఆడని మట్టిలో నత్రజని వాయువుగా మారి ఎగిరిపోతుంది. అంటే వరద మీకు నిదానంగా అందే నత్రజనిని ఇచ్చి, వెంటనే అందేదాన్ని పట్టుకుపోయింది. మొక్కజొన్న వంటి ఆకలిగల పంటకు ఈ తేడా చాలా పెద్దది.

నేను కొన్నేళ్లు ధవళేశ్వరం దిగువన గోదావరి చీలే గౌతమి, వశిష్ఠ పాయల్లో నీళ్లు పట్టి, అందులో తేలివచ్చే మట్టిలో కర్బనం, నత్రజని ఎంతున్నాయో కొలిచే పని చేశాను. పంటు మీద నుంచి పాయ మధ్యలో నీళ్లు తీసి, గాజు పీచుతో చేసిన వడపోత బిళ్ల గుండా పంపేవాళ్లం. ఆ బిళ్లను ముందే 450 డిగ్రీల వేడిలో కాలుస్తారు, దానికి అంటిన కర్బనం లెక్కలోకి రాకుండా. వేసవిలో తేటనీరు లీటర్ల కొద్దీ దిగిపోయేది. జూలైలో ఎర్రనీరు వచ్చి పులస ఎదురీదే రోజుల్లో గ్లాసెడు నీటికే బిళ్ల మూసుకుపోయేది. ఆ పనిలో నాకు బాగా మనసుకు పట్టిన విషయం ఒకటుంది: నీరు తేటగా ఉన్నప్పుడు మట్టి కొద్దిగా ఉంటుంది, ఆ కొద్దిలో కర్బనం శాతం ఎక్కువ, ఎర్రనీటిలో మట్టి విపరీతంగా ఉంటుంది, కర్బనం శాతం తక్కువ. శాతం పడిపోయినా, ఏడాది మొత్తంలో సముద్రానికి, లంకలకు చేరే సారంలో అధికభాగాన్ని మోసుకొచ్చేది ఆ ఎర్రనీరే.

ఆ సారం ఎక్కడిదని కూడా అడిగారు. దానికి మీ నివేదికలోనే ఆధారం ఉంది. కర్బనం 0.8ని నత్రజని 0.08తో భాగిస్తే 10. నీటిలో పెరిగే సూక్ష్మ నాచులో బరువు ప్రకారం ఈ నిష్పత్తి ఆరుకు దగ్గరగా ఉంటుంది. ఎండుటాకులు, గడ్డిలో 20 దాటి ఎంతో పైకి పోతుంది. పదీ పన్నెండూ అంటే సాధారణంగా పంటనేలల, అడవినేలల పైమట్టి. జాయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు ఎగువ నుంచి వచ్చే మట్టిలో చాలా భాగాన్ని ఆపుకుంటాయి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వాటికి దిగువన కలుస్తాయి కాబట్టి మన దాకా వచ్చే ఒండ్రులో వాటి వాటా పెద్దది. ఎక్కడో కొండవాలు రైతు పోగొట్టుకున్న పైమట్టి మీ పొలంలో పడింది. ఆ నిష్పత్తి చూసినప్పుడల్లా నాకు ఆ రైతే గుర్తుకొస్తాడు. డెల్టాలో ఏటిగట్టు వెలుపలి పొలాలకు ఇదీ దక్కదు. కాలువ పూడికలో వచ్చిందే వాళ్లకు ఒండ్రు.

మీ నివేదికలో ఒక్క విషయం మాత్రం అడిగి తెలుసుకోండి. కర్బనం కొలిచే ముందు ఆమ్లంతో సున్నాన్ని తొలగించారా? నల్లరేగడి నేలల సున్నపు గుళ్లు, నత్తగుల్లల ముక్కలు ఒండ్రులో ఉంటే, మట్టిని కాల్చి కొలిచే యంత్రం వాటి కర్బనాన్ని కూడా కలిపేస్తుంది. ఆమ్లం వాడితే కొంత నత్రజని పోయే వీలుంది కనుక నత్రజనిని ఆమ్లం తగలని మట్టిలో వేరుగా చూడాలి. ఇంకొకటి: గోదావరి లోయలో రామగుండం, మణుగూరు ప్రాంతాల్లో బొగ్గు పొరలున్నాయి. బొగ్గు నలుసులు, కాలిన అడవి మసి ఒండ్రులో కలిస్తే యంత్రానికి అవీ కర్బనమే, పంటకు మాత్రం వాటి వల్ల నత్రజని రాదు.

ఇక పొలం పని. ముందు ఆ ఒండ్రును వేళ్ల మధ్య నలిపి చూడండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరిన వరదలాంటిది వచ్చినా, ఏ చెక్కలో ఏది పడుతుందో నీటి వేగాన్ని బట్టి ఉంటుంది. నీరు ఉరవడిగా పారిన చోట ఇసుక మేట వేస్తుంది, అందులో కర్బనం, నత్రజని నామమాత్రం. మందంగా ఉంటే తీయించాలి. నీరు నిలిచిన చోట జిగురుగా, గోరుకు అంటుకునే ఒండ్రు పడుతుంది. దాన్ని గీకి అమ్ముకోవద్దు, ఇటుక బట్టీవాళ్లు ఎంత ఇస్తామన్నా సరే. ఎకరానికి 400 కిలోల సేంద్రియ కర్బనం, తేమ పట్టే బంక అందులో ఉన్నాయి. పదును చూసి దున్ని కలిపేయండి. పంట తీశాక మొక్కజొన్న చొప్పను కాల్చకుండా నేలకే ఇస్తే ఆ కర్బనం నిలుస్తుంది.

యూరియా మోతాదు కోసం భూసార పరీక్ష చేయించండి, అదీ దున్నిన తరువాతే. మన పరీక్ష కార్డుల్లో సేంద్రియ కర్బనం 0.75 శాతం దాటితే ‘ఎక్కువ’ కింద వేసి, దాన్ని బట్టి నత్రజని తగ్గించమంటారు. పైన పడిన ఒండ్రు పెచ్చు ఒక్కటే తీసుకెళ్తే మీ పొలం ఆ గడిలోకి వెళ్లిపోతుంది. 15 సెంటీమీటర్ల లోతు వరకు, పొలంలో పది పదిహేను చోట్ల తీసి కలిపిన మట్టినే ఇవ్వండి. ఇసుక మేట వేసిన చెక్క ఉంటే దాని మట్టి వేరే సంచిలో కట్టండి.