వరంగల్ల ఉండి తెలుగు లైన్ ఎడిటింగ్ చేసుకుంట బతకొచ్చా? నా అనుభవం చెప్త

అడిగిన చెల్లె ప్రశ్న ఇదీ: కాకతీయ యూనివర్సిటీల తెలుగు ఎమ్మే అయింది, పెండ్లయి హన్మకొండల ఉంటున్నది, బాబు చిన్నోడు, ఇంటికాడ కూసొని ఫ్రీలాన్స్‌గ లైన్ ఎడిటింగ్ చేద్దామనుకుంటున్నది. అది ప్రూఫ్ రీడింగేనా వేరా, పైసలొస్తయా, కోర్సు ఏమన్న చేయాల్నా అని. నేను ఆరేండ్ల సంది ఇదే పని మీద ఉన్న కాబట్టి నాకెరుకైనకాడికి చెప్త, కొంచెం లంబగనే ఉంటది.

నేను మొదలు ఒక పేపర్ల సబ్ ఎడిటర్ని. జిల్లా డెస్క్. సాయంత్రం పోతే ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. 2020 లాక్‌డౌన్ల జిల్లా పేజీలు తగ్గించినప్పుడు మా డెస్క్ సగమైంది, మిగిలిన సగంల నేను లేను. అప్పుడు చౌరస్తా కాడ డీటీపీ షాపుల, అంటే పుస్తకాల పేజీలు కంప్యూటర్ల కొట్టే కాడ, తెలిసిన అన్న ఒకాయన, రిటైర్డ్ సార్ ఒకరు ఆత్మకథ రాసిండు, తప్పులు చూసి పెడ్తవా అన్నడు. తప్పులే కదా అని ఒప్పుకున్న. పేజీకి 15 రూపాయలు.

తేడా ఏందో ఆ పుస్తకం మీదనే చెప్త, సులువుగ అర్థమైతది. సార్ ‘పాఠశాల’ అని రాస్తే డీటీపీల ‘పాటశాల’ అని పడ్డది, అది సరిచేసుడు ప్రూఫ్. 1985ల సంగతి చెప్పుకుంట ఒకచోట ‘హనుమకొండ జిల్లాలో’ అని రాసిండు, అప్పుడా జిల్లా యాడిది, 2016 దాక అంత ఒక్కటే వరంగల్ జిల్లా, తర్వాత అది ముక్కలయి ఈ దిక్కు వరంగల్ అర్బన్ అయింది, 2021లనే హనుమకొండ జిల్లా అని పేరు మార్చిండ్రు. అది పట్టుకునుడు కాపీ ఎడిటింగ్. ఊరి పేరు ఒక పేజీల హన్మకొండ ఇంకో పేజీల హనుమకొండ అని ఉంటే ఒక్కతీరుగ చేసుడు సుత అందులకే వస్తది. ఇగ లైన్ ఎడిటింగ్ అంటే అక్షరం తప్పు లేకున్నా, సంగతి తప్పు లేకున్నా, వాక్యం నడుస్తలేదు, రాసినాయన గొంతు అందుల వినబడ్తలేదు అని కనిపెట్టి, ఆ వాక్యాన్ని నడిపించుడు. చెప్పంగ చిన్నగనే ఉంటది. నేనైతే మొదటి పుస్తకంలనే బోల్తా పడ్డ.

ఆ సార్ ది పరకాల దిక్కు పల్లె. అవ్వ గురించి ఇట్ల రాసిండు:

“మా అవ్వ కోడి కూయంగనే లేచి, సాన్పి జల్లి, దొడ్డి ఊడ్చి, ఎడ్లకు కుడితి వెట్టి, అప్పుడు మమ్ముల లేపేది.”

నేను ఎర్రపెన్ను పట్టుకొని దాన్ని ఇట్ల చేసిన:

“మా అమ్మ తెల్లవారుజామునే నిద్ర లేచి, వాకిలి అలికి, పెరడు ఊడ్చి, ఎద్దులకు కుడితి పెట్టి, ఆ తరువాత మమ్మల్ని నిద్ర లేపేది.”

మస్తు మంచిగ చేసిన అనుకున్న. వారానికి సార్ ఫోన్ చేసిండు. కోపం చేయలే, అదే ఇంక బాధయింది. “బిడ్డా, మా అవ్వ రోజూ వాకిలి ఎక్కడ అలికింది? సాన్పి అంటే పేడ నీళ్లల్ల కలిపి చల్లుడు, అలుకుడంటే చేత్తోటి పూసుడు, అది పండుగకో పబ్బానికో. దొడ్డి అంటే పశువులుండే జాగ, నువ్వు పెరడు అంటివి, మాకు పెరడే లేకుండె” అన్నడు. అంటే నేను భాష దిద్దిన అనుకున్న గానీ ఆయన ఇంటి నక్షనే మార్చి పెట్టిన. ‘నిద్ర’ అనే మాట ఒక్క వాక్యంల రెండుసార్లు పడ్డది, అది కూడ నేను తెచ్చిపెట్టిందే. తమాషా ఏందంటే నేను సుత ఇక్కడ పుట్టిపెరిగినదాన్నే, మా అమ్మమ్మోళ్ల ఇంట్ల సాన్పి జల్లంగ చూసినదాన్నే, ఆ మాట నాకు తెలువక కాదు. ఏడేండ్లు డెస్క్‌ల కూసుంటే చెవికి పేపర్ భాష అంటుకుంటది, ఇంటి మాట కనబడంగనే చెయ్యి దానంతటదే కొట్టేస్తది.

ఇంకా అసలైన సిగ్గు సంగతి చెప్పలే. అదే పుస్తకంల పది పేజీల అవతల ఇట్ల ఉన్నది: “ఆ సంవత్సరము మా నాన్నగారు అనారోగ్యమునకు గురికావడం జరిగింది. వారిని పెద్దాసుపత్రికి తరలించడం జరిగింది. అచ్చట వారు మరణించడం జరిగింది.” ఇవి నేను ముట్టనే ముట్టలే! ఎందుకంటే గ్రామర్ల తప్పు లేదు కదా. పానమున్న వాక్యాన్ని చంపి, పానం లేని మూడు వాక్యాల మీద టిక్కు కొట్టిన. ముప్పై ఏండ్లు సర్కారు నౌకరి చేసి రిపోర్టులు రాసినోళ్లకు ఈ ‘జరిగింది’ ఒక అలవాటు, తర్వాత ఫైల్ల ఫైండ్ కొడితే ఆ ఒక్క పుస్తకంలనే మూడు వందల పైన వచ్చినయి.

అందుకే రెండోసారి మొత్తం మల్ల చేస్త, పైసలొద్దు అని చెప్పి, ఫోన్ చేసి అడిగిన. సార్, ఆ రోజు బాపును ఎట్ల తీస్కపోయిండ్రు, రాయకుండ్రి, నాకు నోటితోటి చెప్పుండ్రి అని. చెప్పిండు. ఎడ్లబండి మీద పరకాల దాక, ఆడికెల్లి బస్సు, ములుగు రోడ్డు కాడికి వచ్చేసరికే బాపు చెయ్యి చల్లబడ్డదట, పక్కనోళ్లకు తెలిస్తే బస్సుల నుంచి దింపేస్తరని అవ్వ ఏడవకుంట ఆ చెయ్యి కొంగుల పట్టుకొని కూసున్నదట. మరి పుస్తకంలనేమో ‘అచ్చట వారు మరణించడం జరిగింది’! ఆసుపత్రిల కానే కాదు, బస్సులనే. ఆ మాటలు నేను ఫోన్ల విన్నట్టే కాయితం మీద పెట్టి పంపితే ఆయన రెండు మాటలు మార్చి, అట్లనే ఉంచు బిడ్డా అన్నడు. (ఆయన్ని అడిగే ఇక్కడ రాస్తున్న.) ఇది లైన్ ఎడిటింగ్ దాటిపోయింది అంటే అనొచ్చు, నేను కాదనను. గానీ మన దగ్గర రాసేటోళ్లు ఎక్కువ మంది నోటితోటి బంగారం లెక్క చెప్తరు, పెన్ను పట్టంగనే ఆఫీసు భాషలకు పోతరు. ఆ నోటి మాటను కాయితం మీదికి తెచ్చుడే సగం పని.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుకున్న. ఒక్కో పుస్తకానికి రెండు పేజీలు, ముట్టొద్దు అనుకున్న మాటలన్నీ అండ్ల రాసుకుంట: కైకిలి, యాది, కచ్చీరు, అర్ర, గోలెం. నాకు సోయి లేని మాట వస్తే నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం చూస్త, పాత మాటయితే ఆంధ్రభారతి సైట్ల వెతుకుత, అక్కడ నిఘంటువులు మస్తుగ ఒక్కకాడనే దొరుకుతయి. ఆడ సుత దొరకకపోతే మార్చను, రాసినాయన్నే అడుగుత. హన్మకొండల రాజరాజ నరేంద్ర భాషా నిలయం ఉన్నది కదా, 1904ల పెట్టింది, చెయ్యి ఖాళీగ ఉన్నప్పుడు ఆడికి పోయి పాత పుస్తకాలు చదువు, చెవి బాగైతది.

ఇంకోటి, బయటికి చదువు. నేను మాపటిపూట వంటింటి గడప కాడ కూసొని చదువుత, మా అత్తమ్మ చిక్కుడుకాయ ఇరుసుకుంట వింటది. ఆమె మూడో తరగతి దాక చదివింది, అంతే. ఎక్కడన్న “ఏందది, మల్ల చదువు” అన్నదంటే ఆడ వాక్యం బాగలేనట్టే. కొన్నిసార్లు తప్పు వాక్యంది కాదు, నేను మాటలు మింగుకుంట చదివిన అంతే, గానీ ఎక్కువసార్లు ఆమెదే కరెక్ట్ అయితది.

దీనికి రివర్స్ రకం కూడ ఒకటి ఉన్నది, చెప్పాలె. తాను మామూలు పుస్తకాల తెలుగుల రాసుకొని వచ్చి, మేడం దీన్ని తెలంగాణ యాసలకు మార్చుండ్రి, ఇప్పుడు నడుస్తున్నది అంటరు. నేను చెయ్య. ఆ యాస వాళ్ల నోట్ల లేనప్పుడు నేను ‘గిట్ల’ ‘గట్ల’ అని అతికిస్తే నాటకంల మీసం లెక్క ఉంటది. ఎవరు ఎట్ల మాట్లాడుతరో అట్ల ఉండాలె, అంతే.

పుస్తకాల పని ఒక్కటే అయితే ఇల్లు గడవది, అది ముందే చెప్తున్న. కంపెనీల పని వేరేగ ఉంటది, ఇంగ్లీషు నుంచి తెలుగుకు తర్జుమా చేసినవి సరి చూసుడు, యాప్‌లవి, ట్రైనింగ్ పాఠాలవి. అండ్ల రోగమే వేరు. ‘ఆమె ఇద్దరు పిల్లలను కలిగి ఉంది’ అని వస్తది, ఆమెకు ఇద్దరు పిల్లలు అంటే అయిపాయె కదా. ఈ నడుమ చాట్‌జీపీటీతోటి రాయించి తెస్తున్నరు, చదువుతుంటే మెత్తగ జారిపోతది, ఎక్కడా పట్టు దొరకది, ప్రతి పేరా ఆఖర్ల ఒక నీతి వాక్యం. అవి దిద్దుడు కంటె మనిషి రాసిన తప్పుల తడకనే నయం, తప్పులైనా ఆయనవే ఉంటయి.

ఫైళ్ల గోస కూడ విను. మన దగ్గర డీటీపీ షాపులల్ల ఇంక చానమంది పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ల, ‘అను’ అనే పాత ఫాంట్లతోటే కొడ్తరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల, కంపెనోడు ఎప్పుడో వదిలేసిండు, మనోళ్లు వదుల్తలేరు. అది యూనికోడ్‌లకు, అంటే ఫోన్లల్ల కంప్యూటర్లల్ల అంతట నడిచే అక్షరాలకు, మారిస్తే వత్తులు చెదురుతయి, నడుమల గుర్తులు పడ్తయి, ‘సాఫ్ట్‌వేర్’ అన్నది వత్తులు ఒకదానికొకటి అతుక్కొని ‘సాఫ్ట్వేర్’ అయితది. వర్డ్‌ల ట్రాక్ ఛేంజెస్ (ఏం మార్చినమో కనబడేటట్టు చేసేది) పెట్టి ముచ్చటగ దిద్ది పంపినా డీటీపీ అన్నకు అది అక్కరకు రాదు, ఆయనకు ప్రింట్ మీద ఎర్రపెన్నుతోటి కావాలె. నేను ఇప్పటికీ రెండు తీర్ల చేస్త, రాసినాయనకు గూగుల్ డాక్స్‌ల, డీటీపీకి కాయితం మీద. డీటీపీ అన్న కరెక్షన్ కొట్టినంక మల్ల ఒకసారి చూడకపోతే, దిద్దిన తప్పు పక్కపొంటి కొత్త తప్పు పుడ్తది, ఇది రాసిపెట్టుకో.

ఇగ పైసలు. నేను ఇప్పుడు లైన్ ఎడిటింగ్‌కు పేజీకి 60 తీసుకుంటున్న, ప్రూఫ్ ఒక్కటైతే 20. గంటకు ఆరు పేజీల కంటె ఎక్కువ కాదు, రోజుకు నాలుగు గంటల కంటె ఎక్కువ చేయలేం, ఐదో గంటల అన్ని వాక్యాలు మంచిగనే కనబడ్తయి. అంటే మంచి రోజు 1440 రూపాయలు, నెలకు పదిహేను రోజులు పని దొరికితే ఇరవై వేల పైచిల్లర, దొరకని నెల అయిదు వేలు. జులై, ఆగస్టుల పని ఒక్కసారే మీద పడ్తది, ఎందుకంటే సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం, ఆ రోజుకు ఆవిష్కరణ పెట్టుకుంటరు. మల్ల అక్టోబర్, నవంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్ కోసం ఉరుకులాట. ఎండాకాలం ఖాళీ.

పైసలు అడుగుడే అసలు కష్టం. మనోళ్లు దీన్ని సాహిత్య సేవ అనుకుంటరు. ఒక పెద్దమనిషి 220 పేజీల నవల మూడు నెలలు చేయించుకొని, ఆవిష్కరణకు పిలిచి, స్టేజీ మీద శాలువా కప్పి, ఫోటో దిగి పంపించిండు. పైసల ముచ్చట అంతే. మా ఇంట్ల ఇప్పుడు నాలుగు శాలువాలున్నయి, అత్తమ్మ ఒకటి చలికాలం కప్పుకుంటది. అప్పటిసంది సగం ముందు, సగం ఫైల్ ఇచ్చేటప్పుడు, ఇది వాట్సాప్ల రాసి పంపి, వాళ్లు సరే అన్నంకనే పెన్ను తీస్త. శాంపిల్ మూడు పేజీలే ఫ్రీగ చెయ్యి, ఆ మూడు ఏవో నువ్వే ఎంచుకో. ఒకాయన నాకొక చాప్టరు, నా దోస్తుకొక చాప్టరు, ఇంకొకరికి ఇంకొకటి శాంపిల్ అని పంపి పుస్తకం మొత్తం ముఫ్త్‌ల చేయించుకుందామని చూసిండు, మేము ముగ్గురం ఒక చాయ కాడ కలిసి మాట్లాడుకుంటే బయటపడ్డది. కంపెనీలోళ్లు పది శాతం టీడీఎస్ అని టాక్స్ ముందే పట్టుకొని ఇస్తరు, కాయితాలు జాగ్రత్త పెట్టుకొని రిటర్న్ ఏస్తే, టాక్స్ పడే ఆమ్దానీ లేకపోతే వాపస్ వస్తది.

కోర్సు అన్నవు. నన్నైతే ఇప్పటిదాక ఎవ్వరు సర్టిఫికెట్ అడగలే, కంపెనీలోళ్లు చిన్న టెస్టు పెడ్తరు, పుస్తకాలోళ్లు ఎవరన్న చెప్తేనే వస్తరు. నువ్వు చేయాల్సింది ఏందంటే నీ ఇంటికి దగ్గరున్న డీటీపీ షాపుకు పోయి, ప్రూఫులు చూస్త అన్నా, రేటు తక్కువైనా పర్వాలేదు అని నాలుగైదు పుస్తకాలు చెయ్యి. చేసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడెక్కడ కొట్టేయబోతున్నదో చూసుకో, వెంటనే మార్చకు, పక్కన పెన్సిల్‌తోటి ప్రశ్న గుర్తు పెట్టి రాసినాయనకు ఫోన్ చెయ్యి. ఆ సార్ ది రెండో పుస్తకం ఇప్పుడు నా బల్ల మీదనే ఉన్నది, ఈసారి ‘జరిగింది’ పదకొండే ఉన్నయి, రెండు మాత్రం ఉంచుమన్నడు, అవి నిజంగనే ఊర్ల జరిగినయట.