పాత పికప్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మహేష్‌కు,

మామయ్య ఆశీస్సులు. బొలేరో పికప్ కొన్నావని, మీటరు మీద 2,80,000 కిలోమీటర్లు ఉన్నాయని, వెంటనే ఇంజన్ విప్పి పిస్టన్ రింగులు మార్పించమని ఎవరో సలహా ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. షెడ్డుకు వెళ్లేటప్పుడు దీన్ని జేబులో ఉంచుకో.

ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. రెండు లక్షలు దాటిన డీజిల్ బండి అనగానే అందరి కన్నూ ఇంజన్ మీదే పడుతుంది. అంత తిరిగిన బండిని నడిరోడ్డు మీద నిలబెట్టేది చాలాసార్లు పిస్టన్లు కాదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని రబ్బరు పైపులు, పగుళ్లు పట్టిన బెల్టు, పాతబడిన బ్రేక్ ఆయిల్, ఎండిపోయిన గ్రీజు. ఉన్న డబ్బంతా ఇంజన్‌లో పోసి, ఇరవై ఏళ్ల కుర్రాడిలా ఉరికే ఇంజన్‌ను ముసలి బ్రేకుల మీద నడిపించే వాళ్లను మా లారీ ఆఫీసు దగ్గర చాలామందిని చూశాను.

మీటరు అంకెను కూడా పట్టించుకోవద్దు. మీటరు తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనిపిస్తోందా, స్టీరింగ్ పట్టుకునే చోట మెరుస్తోందా, డ్రైవరు సీటు ఒకపక్కకు కుంగిందా చూస్తే ఎంత తిరిగిందో నీకే అర్థమవుతుంది. సర్వీసు కాగితాలు లేని బండికి ఏ పనీ జరగలేదనే లెక్క వేసుకో.

రాత్రంతా ఆగి ఉన్న బండిని తెల్లవారుజామున నువ్వే స్టార్ట్ చెయ్యి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని మరీ చెయ్యి. అమ్మేవాడు నువ్వు వచ్చేసరికే ఇంజన్ వేడి చేసి పెట్టి ఉంటాడు. అందుకే కొనేటప్పుడు విన్న చప్పుడును లెక్కలోకి తీసుకోకు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా డీజిల్ ఎక్కువ పడుతోందని అర్థం; ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడు, ఇంజెక్టర్ల సంగతి తర్వాత. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ చేయగానే కాస్త తెల్లపొగ వచ్చి పోతే ఫరవాలేదు. ఇంజన్ వేడెక్కాక కూడా అది ఆగకుండా, పైగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలును, అనుమానించాలి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టు. కొద్దిగా కదిలితే ఆ వయసుకు మామూలే. ఎగిరి పక్కన పడుతూ, పొగ బుసబుసా వస్తుంటే రింగులు అరిగినట్టే. మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి. ఈ రెండూ లేకపోతే ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషికి దండం పెట్టి పక్కకు రా.

డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ నల్లగా ఉందని బెదిరిపోకు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. రంగు వదిలేసి మట్టం చూడు, వాసన చూడు. పోయకుండానే మట్టం పెరిగి డీజిల్ వాసన కొడుతుంటే ఎక్కడో డీజిల్ కారి ఆయిల్‌లోకి దిగుతోంది. ఆయిల్, ఫిల్టర్ రెండూ వెంటనే మార్పించు. గ్రేడు కంపెనీ పుస్తకంలో ఉన్నదే పోయించు. ఇంజన్ కడిగే ఫ్లష్ మందులు మాత్రం వద్దు. పాత ఇంజన్‌లో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ దారులకు అడ్డం పడవచ్చు. ఈసారి పోసిన ఆయిల్‌ను రెండు వేల కిలోమీటర్లకే దించేసి మళ్లీ కొత్తది పోయించు. అదే మెల్లగా కడుగుతుంది.

తీసిన ఫిల్టరును పారేయనివ్వకు. రేకు కత్తెరతో డబ్బా కోయించు. హాక్సా వాడితే ఆ రంపపు పొడే లోపల పడి లేనిపోని భయం పెడుతుంది. లోపలి మడతల కాగితాన్ని విప్పి, న్యూస్‌పేపరు మీద పరిచి, ఎండకు అటూ ఇటూ వంచి చూడు. మసి ఉంటే ఉండనీ. వెండి మెరుపులో, రాగి రంగు రజనో కనిపిస్తే దాని మీద అయస్కాంతం ఆడించు. అంటుకున్నది ఇనుము. అంటుకోకుండా మెరిసేది ఎక్కువగా ఉంటే బేరింగులు అరుగుతున్నట్టు. ఇంజన్ విప్పకుండా లోపలి సంగతి తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

ఇక బ్రేకులు. మదనపల్లె టమోటా కడపకు తెస్తానంటున్నావు. అంటే లోడుతో రాయచోటి దాటి గువ్వలచెరువు ఘాట్ దిగాలి. ఆ మలుపుల్లో ఏం జరుగుతుందో పేపర్లో చదువుతూనే ఉన్నావు. నీ మొదటి రూపాయి బ్రేకులకే వెళ్లాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన కొద్దీ అందులో నీరు చేరి, తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్‌లో ఆపకుండా తొక్కుతూ దిగితే చక్రాల దగ్గర వేడి పెరిగి పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది గానీ ఒత్తిడిని ముందుకు పంపదు. పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఎలాగో బయటపడి కింద ఆపి, చల్లారాక చూస్తే బుడగలు పోయి పెడల్ మళ్లీ గట్టిగానే ఉంటుంది. మెకానిక్ తొక్కి చూసి ‘బాగానే ఉందే’ అంటాడు. అందుకే పెడల్ ఎలా ఉన్నా సరే, పాత ఆయిల్ మొత్తం తీయించి, బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడుదే సీలు తీయని సీసా నుంచి పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీయించు.

ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఒత్తి ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్, అంటే నీ కాలి ఒత్తిడికి సాయం చేసే డబ్బా, పనిచేస్తోంది. ఆ తర్వాత కూడా నిమిషం పాటు ఒత్తి ఉంచు. మెల్లగా జారిపోతూ ఉంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పోయింది. వెనక డ్రమ్ములు రెండూ విప్పించి లైనర్లు చూడు. ఒకవైపు లైనరు ఆయిల్‌తో తడిసి ఉంటే దాన్ని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగిస్తామంటారు. ఒప్పుకోకు, రెండువైపులా కొత్తవి వేయించు. ఆ ఆయిల్ ఎక్కడిదో కూడా కనుక్కో. వెనక ఇరుసు హౌసింగ్ పైన ఊపిరి తీసే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను తోసుకుని డ్రమ్ములోకి వస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కారుతోందని తిట్టుకునే వాళ్లలో సగం మంది ఆ బ్రీదర్ వైపు చూసి ఉండరు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసేవాడితో స్నేహం కూడా చేయకు. అలా దిగుతూ ఇంజన్ కూడా ఆపితే బూస్టర్ సాయం పోతుంది, పవర్ స్టీరింగ్ ఉంటే అదీ పోతుంది.

తర్వాతి ఖర్చు నీళ్ల దారి. మన కడప ఎండలు మే నెలలో నలభై డిగ్రీలు దాటతాయి, మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. పాత డ్రైవర్లు దారిలో ఏ బోరు కనిపిస్తే ఆ నీళ్లు పోసి ఉంటారు, లోపల తెల్లటి గార కట్టి ఉంటుంది. రేడియేటర్ విప్పించి కడిగించు. పైపులను చేత్తో పిసికి చూడు. మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి చిట్లుతున్నా అన్నీ ఒకేసారి మార్పించు. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ మూత కూడా కొత్తవే. మూత చిన్న వస్తువే గానీ ఒత్తిడి నిలపకపోతే నీళ్లు ముందే మరుగుతాయి. ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ ఉందో లేదో అడుగు. ‘మన ఎండలకు అది అక్కర్లేదు’ అని పీకి పారేయడం మన దగ్గర ఒక దురలవాటు. తిరిగి పెట్టించు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయించు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దని నీకు చెప్పాలా? సరే, చెబుతున్నాను.

కిందికి దూరి చూసేటప్పుడు జాకీని నమ్ముకోకు, స్టాండ్లు పెట్టు. చక్రాలకు అడ్డం కూడా పెట్టు. ఇంటి ముందు ఉన్నాయి కదా అని కడప బండలు పేర్చి బండిని నిలపొద్దు. అది పొరలు పొరలుగా చిట్లే రాయి. ఛాసిస్‌ను (అడుగు చట్రాన్ని), ముఖ్యంగా కమాన్లు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలు, తగిలించిన చోట, వైరు బ్రష్‌తో రుద్ది చూడు. కొత్తగా నల్లరంగు కొట్టి ఉన్న చోట వెల్డింగ్ దాగి ఉండవచ్చు. కమాన్ పట్టీ ఒక్కటి విరిగినా కట్ట మొత్తం విప్పించాలి. గేరు వేసి కదిలించగానే కింద టక్కుమంటే వెనక చక్రాలను తిప్పే షాఫ్టు జాయింటు క్రాస్ పోయింది, చిన్న పనే. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపు, తర్వాత పక్కలా పట్టి ఊపు. పైకిందుల్లో ఆట (వదులు) ఉంటే బేరింగో, బాల్ జాయింటో. పక్కల్లో ఉంటే టై రాడ్ ఎండో, స్టీరింగ్ బాక్సో.

టైర్ల మందం మాత్రమే చూసి సంతోషపడకు. పక్కగోడ మీద కోడి గుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. టైరు మీది గుండీల గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, పక్కలు చీలి ఏళ్లు గడిచిన టైరు లోడు మీద పేలుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మినవాడి సంతకాలు ఇప్పుడే తీసుకో. 30 రోజుల్లోపు నీ పేరు మీదికి మార్పుకు దరఖాస్తు చేయాలి, ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజులే. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా మిగిలిన డబ్బు చెల్లించకు. ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్‌లో పాత చలాన్లు, పన్ను బకాయిలు, ఫిట్‌నెస్ గడువు చూడు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఆర్‌సీలో మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే ఎంత లోడు వేయవచ్చో వస్తుంది. మండీలో ‘ఇంకో పది బాక్సులు పడతాయి అన్నా’ అంటారు. పడతాయి, ఎందుకు పడవు? పైన రాసిన కమాన్లు, బ్రేకులు, టైర్లు అన్నీ ఆ లెక్క చూసుకుని చేసినవే.

పాటల సెట్టు, తొట్టికి రంగు, వెనక అద్దం మీద పేరు ఇప్పుడు వద్దు. అన్నీ ఒకేరోజు మార్పించడమూ వద్దు. ఐదు పనులు ఒకేసారి చేయిస్తే ఏ పనితో ఏ చప్పుడు పోయిందో, కొత్త చప్పుడు ఎవరి పుణ్యమో తెలియదు. ఒక పని, తర్వాత రెండు రోజులు నడక, మళ్లీ ఇంకో పని. మొదటి నెల మైదుకూరు, కమలాపురం, ప్రొద్దుటూరు లాంటి దగ్గరి బాడుగలే ఒప్పుకో. పొద్దున్నే ఆయిల్ మట్టం, నీళ్ల మట్టం చూసి మీటరు అంకెతో సహా నోటుపుస్తకంలో రాయి. ఆయిల్ ఎంత తాగుతోందో ఆ పుస్తకమే చెబుతుంది.

నెల తిరిగాక ఆ పుస్తకం, కోసిన ఫిల్టరు, విప్పిన పాత లైనర్లు ఒక సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు రా. ఇంజన్ విప్పాలా వద్దా అప్పుడు చూద్దాం. వచ్చేటప్పుడు అమ్మను కూడా తీసుకురా, కానీ బస్సులో.

మీ మామయ్య