చీరల వెబ్‌సైట్ కోసం ఎఫ్‌డీ తియ్యాలా?

ప్రశ్న: మాది మంగళగిరి. మూడేళ్లుగా ఇంటి నుంచే వాట్సాప్‌లో చేనేత చీరలు అమ్ముతున్నాను. సగటున చీర రూ.2,500. అన్నీ పోను రూ.400 మిగులుతుంది. వెబ్‌సైట్ పెట్టాలనుంది. మొత్తం కోడ్ రాసి చేసిస్తానని తెలిసిన అబ్బాయి రూ.75,000 అడుగుతున్నాడు. కోడ్ రాయకుండా మనమే సైట్ కట్టుకునే రెడీమేడ్ వెబ్‌సైట్ బిల్డర్ అయితే నెలకు రూ.1,000, జీఎస్టీ అదనం. నా దగ్గరున్నది రూ.1,20,000 ఎఫ్‌డీ ఒక్కటే. తీసేయనా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఇంటి ఖర్చు నెలకు 30 వేలనుకున్నా అది నాలుగు నెలల తిండి. ముహూర్తాలు లేని రోజుల్లో గిరాకీ పడిపోతే మిమ్మల్ని నిలబెట్టేది ఆ డబ్బే.

లెక్క చీరల్లోనే వేద్దాం. రూ.75,000 తిరిగి రావాలంటే 188 చీరలు పోవాలి. అవి కూడా ఇప్పుడు వాట్సాప్‌లో పోతున్నవి కాదు, సైట్ చూసి కొత్తగా వచ్చినవాళ్లు కొనేవి. బిల్డర్‌కు 18 శాతం జీఎస్టీతో ఏడాదికి రూ.14,160. అంటే 36 చీరలు, నెలకు మూడు. ఆ మూడు మీరు అమ్మగలరనే నా నమ్మకం.

కస్టమర్లు సైట్‌లోనే డబ్బు కట్టేలా పేమెంట్ గేట్‌వే పెడితే మాత్రం జాగ్రత్త. రెండు శాతం ఫీజంటే చీరకు రూ.50, దానిపై జీఎస్టీ రూ.9. మీ 400 కాస్తా 341 అవుతుంది, 36 చీరలు 42 అవుతాయి. మొదట్లో మీ సొంత యూపీఐ క్యూఆర్ చాలు.

చేత్తో కోడ్ రాసిన సైట్ మంచిదే. నెలనెలా బిల్డర్‌కు అద్దె కట్టే పని ఉండదు, మీకు కావలసినట్టు మలచుకోవచ్చు. కానీ రేపు ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తే, దసరా ముందు రేట్లు మార్చడానికి ఎవరిని పిలుస్తారు? బిల్డర్‌లో ఆ పని మీరే ఫోన్‌లో చేసుకోవచ్చు. దానికీ ఒక లోటుంది. విక్స్ (Wix) లాంటి బిల్డర్లలో కట్టిన సైట్‌ను ఉన్నపళంగా ఎత్తుకెళ్లి ఇంకోచోట పెట్టుకోలేరు. అందుకే ఫొటోలు, చీరల వివరాలు, కస్టమర్ల నంబర్లు మీ దగ్గర విడిగా దాచుకోండి.

ఏ దారిలో వెళ్లినా డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, మీ మెయిల్‌తో, మీ ఖాతాలోనే కొనండి. నా దగ్గరకొచ్చే ఒక బొటిక్ ఆవిడ ఆ పని సైట్ చేసినతనికే వదిలేశారు. రెన్యువల్ మెయిల్ అతనికి వెళ్లింది, అతను నంబర్ మార్చేశాడు. సరిగ్గా దీపావళి వారంలో సైట్ పోయింది. విజిటింగ్ కార్డుల మీద మాత్రం ఆ అడ్రస్ అలాగే ఉండిపోయింది. ఆ కార్డు నా బల్ల మీద పెట్టి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం నేనింకా మర్చిపోలేదు.

డిస్కౌంట్ ఇస్తారని మూడేళ్లకు ఒకేసారి కట్టకండి, నెలవారీ ప్లాన్ తీసుకోండి. ప్రతి కొత్త ఆర్డర్‌కూ "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకోండి. ఆరు నెలలయ్యాక ఆ లెక్కతో నాకు మళ్లీ ఉత్తరం రాయండి. నెలకు పదిహేను, ఇరవై ఆర్డర్లు సైట్ నుంచే వస్తుంటే, ఆ లాభంలోంచే కోడ్ రాయించుకునే సంగతి మాట్లాడుకుందాం.